ఫైరింజన్ వస్తే చాలదు

2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్ అగ్నిప్రమాదంలో ఆరుగురు ప్రాణాలు విడిచారు. వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం జిల్లాల నుంచి పొట్టచేత పట్టుకుని పోయిన మన బిడ్డలు. ఊపిరాడకుండా చేసింది పొగ.

పొగలో ప్రతి నిమిషమూ ఒక నిర్ణయమే. ముందు ఏ అంతస్తు? లోపలికి ఎవరు? వెనక్కి ఎప్పుడు? ఇవి తేల్చేది ఫైరింజన్ కాదు, దాని వెంట వచ్చిన అధికారి. ఆయన తడబడితే సిబ్బంది ప్రాణాలకూ ముప్పే.

నాయకత్వ పాఠాలకు 1956లో పుట్టిన జాతీయ కళాశాల నాగపూర్‌లో ఉంది. రాష్ట్ర శిక్షణ సంస్థ వట్టినాగులపల్లిలో ఉంది. ఒకసారి పోయి నేర్చుకొస్తే సరిపోదు. వరంగల్ ఆసుపత్రుల్లో, బట్టల దుకాణాల్లో, ఇరుకు మెట్ల మీద ఏటా సాధన జరగాలె.

కొత్త బండ్లకు జెండా ఊపే పాలకులారా! చచ్చినంక పరిహారం కాదు, బతికించే శిక్షణ ఇవ్వండి.