కుటుంబ ఆరోగ్యము: కూరగాయలు కడుగుట ఎక్కడ మొదలు కావాలి?



గృహదర్శనములకు వెళ్ళినప్పుడు కొన్ని ఇళ్ళలో మాకొక ప్రశ్న వినిపిస్తూ ఉంటుంది. "అయ్యగారూ, నోట్లోకి పోయేదానివల్ల మనిషికి మైల అంటదని ప్రభువే చెప్పాడు గదా. ప్రార్థన చేసుకొని తింటే చాలదా? కూరగాయలు ఇన్నిసార్లు కడగడమెందుకు?" అని అడుగుతారు. ఇది భక్తితో అడిగే ప్రశ్నే గనుక జవాబు చెప్పవలసిన బాధ్యత మాకున్నది.

మార్కు సువార్త 7వ అధ్యాయము తెరచి చూడండి. అక్కడ పరిసయ్యులు అడిగినది ఆరోగ్యమునుగూర్చి కాదు, పెద్దల ఆచారమునుగూర్చి. చేతులు కడుగుకొనకుండా భోజనము చేసిన శిష్యులు దేవుని యెదుట అపవిత్రులని వారు వాదించారు. ప్రభువు ఆ వాదమును కొట్టివేసి, దొంగతనము, లోభము, మోసము పుట్టే హృదయమును చూపించాడు. బురదనూ విషమునూ తినమని ఆయన ఎక్కడా చెప్పలేదు. అన్నము కొరకు దేవునికి స్తోత్రము చెల్లించే మనము బియ్యంలో రాళ్ళు ఏరకుండా వండము గదా! కూరగాయలు కడుగుట కూడా అటువంటిదే. అది ఆచారము కాదు, ఇంట్లో వారిమీద ప్రేమ.

ఈ ప్రేమ ఎంత అవసరమో మన పొరుగు పట్టణమే మనకు నేర్పింది. గవర్నర్‌పేటకు సుమారు 60 కిలోమీటర్ల దూరములోనున్న ఏలూరులో 2020 డిసెంబరు మొదటి వారములో జనము ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి పడిపోయారు. కొన్ని నిమిషాలు స్పృహ లేదు, కొందరికి వాంతులు. పిల్లలు, పెద్దలు కలిపి 600 మందికి పైగా ఆస్పత్రి పాలయ్యారు. కొందరిని మన విజయవాడ ప్రభుత్వాసుపత్రికి తీసుకొని వచ్చారు. ఢిల్లీ ఎయిమ్స్ వారు కొందరి రక్తములో సీసము, నికెల్ ఉన్నట్టు కనుగొన్నారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారు కూడా వచ్చి పరీక్షలు చేశారు. ఆ నెల మధ్యలో నిపుణులు తమ అభిప్రాయము చెప్పారు: పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణమై ఉండాలని. అవి ఏ దారిన ఒంట్లోకి పోయాయో మాత్రము అప్పుడు తేల్చి చెప్పలేకపోయారు. నీరా, కూరగాయలా, మరేదైనానా అని ఆ రోజుల్లో ప్రతి ఇల్లాలూ భయపడింది. భయము కొన్నాళ్ళకు పోయింది. జాగ్రత్త మాత్రము పోకూడదు.

మార్కెట్టునుండి తెచ్చిన సంచిలో కూరగాయలతోపాటు మూడు రకాల చెడుగు మన ఇంటికి వస్తుంది. మొదటిది మన్ను, దానితో వచ్చే సూక్ష్మక్రిములు. విరేచనాలకు, టైఫాయిడుకు ఇవి కారణము. రెండవది పురుగుల గుడ్లు. కడుపులో బద్దెపురుగు ఉన్న మనిషి మలము కలిసిన నీటితో ఆకుకూరలను తడిపితే, ఆ గుడ్లు ఆకులను పట్టుకొని వస్తాయి. అవి కడుపులోనికి పోతే పిల్లపురుగులు రక్తములో కలిసి మెదడుకు చేరి మూర్ఛలు తెప్పిస్తాయి. పందిమాంసము ముట్టని వారికి కూడా ఈ జబ్బు వచ్చేది ఇందువల్లనే. మూడవది పురుగుమందు. మొదటి రెండింటిని శుభ్రమైన నీరు, పొయ్యిమీది మంట చాలావరకు తీసివేస్తాయి. మూడవదాని సంగతి వేరు. దానిని తరువాత చెబుతాము.

ముందుగా ఎలా కడగాలో చూద్దాము.

మొదట మీ చేతులు, తరువాత గిన్నె, కత్తిపీట శుభ్రము చేసుకోండి. కాలువ నీళ్ళు, చెరువు నీళ్ళు వద్దు. క్లోరిన్ కలిపిన కుళాయి నీరు మంచిది. పచ్చిగా తినే కీర, ఉల్లి, కొత్తిమీర, ద్రాక్ష వంటివాటిని చివరిసారి కాచి చల్లార్చిన నీటితో కడగండి.

తరగకముందే కడగాలి. తరిగిన తరువాత కడిగితే పైన ఉన్న మురికి లోపలికి పోతుంది. బి, సి విటమిన్లు నీళ్ళలో కొట్టుకొని పోతాయి. తొక్క తీసి తినే పండునైనా కడిగే కోయండి. పుచ్చకాయ తొక్క మనము తినము గాని, దానిమీది మన్ను కత్తితోపాటు గుజ్జులోనికి దిగుతుంది.

ఆకుకూరల వేళ్ళు కోసి, కట్ట విప్పి, వెడల్పు గిన్నెలో నిండా నీళ్ళుపోసి ముంచండి. నీళ్ళు వంపవద్దు. ఆకును చేతులతో పైకి తీయండి, ఇసుక అడుగున మిగులుతుంది. అడుగున ఇసుక కనబడనంతవరకు, కనీసము మూడు నీళ్ళు మార్చండి. గోంగూరకూ తోటకూరకూ ఇదే పద్ధతి.

క్యాబేజీకి పై రెండు మూడు ఆకులు తీసివేయండి. కాలీఫ్లవరు పువ్వులు విడదీసి గోరువెచ్చని ఉప్పునీటిలో కాసేపు ఉంచితే లోపల దాగిన పురుగులు బయటకు వస్తాయి. వంకాయ, బెండకాయ ముచ్చికల దగ్గర మందు నిలుస్తుంది గనుక అక్కడ వేలితో రుద్దండి. కాకర, కంద, బంగాళాదుంప వంటి గరుకువాటికి దీనికొరకే విడిగా పెట్టుకున్న ఒక బ్రష్షు వాడండి.

సబ్బు, బట్టల పొడి ఎప్పుడూ వాడవద్దు. కరోనా వచ్చిన 2020లో చాలామంది భయముతో కూరగాయలను సబ్బుతో కడిగారు. అలా చేయవద్దని ఆహార భద్రతా సంస్థ వారు ఆ సంవత్సరమే హెచ్చరించారు. సబ్బు తొక్కలో ఇంకి కడుపును చెడగొడుతుంది. ఖరీదుపెట్టి సీసా మందులు కొనవలసిన పని కూడా లేదు. 2000లో అమెరికాలోని కనెక్టికట్ వ్యవసాయ పరిశోధన కేంద్రము వారు 12 రకాల పురుగుమందులమీద పరీక్ష చేస్తే, ఉత్త కుళాయి నీటి ధార 9 రకాలను తగ్గించింది. అంగట్లో అమ్మే ద్రవాలు దానికంటె ఎక్కువ మేలు చేయలేదు.

ద్రాక్ష, ఆపిల్ వంటివాటికి ఇంకొంచెము జాగ్రత్త కావాలంటే వంటసోడా వాడవచ్చు. లీటరు నీటికి రెండు చిన్న చెంచాలు కలిపి 12 నుండి 15 నిమిషాలు నానబెట్టి, తరువాత మంచినీటితో కడగండి. సోడా లేని ఇంట్లో ఉప్పు చాలు. లీటరు నీటికి మూడు నాలుగు చిన్న చెంచాలు వేసి పది నిమిషాలు ఉంచి, ఆ తరువాత మంచినీటితో కడిగితే కొంత మేలు.

వాడుకునే ముందే కడగండి. కడిగిన తడితో దాచితే త్వరగా కుళ్ళుతాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగరు ఇళ్ళలో రోజుల తరబడి నీళ్ళు నిలిచినప్పుడు చూశాము: వరదనీటిలో నానిన టమాటాలను, ఆకుకూరలను కడిగి దాచుకుందామనుకునే తల్లులు ఉన్నారు. బీదరికములో పారవేయుట కష్టమే. అయినా మురుగు కలిసిన వరద తగిలిన మెత్తని కూరలను పారవేయుటయే క్షేమము.

ఇంతవరకు చెప్పినది కడగడమునుగూర్చి. ఇప్పుడు కడిగినా పోనిదానిని గూర్చి చెప్పాలి.

అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయము వారు 2017లో ఆపిల్ పండ్లమీద ఈ సోడానీళ్ళనే పరీక్షించారు. పైనున్న మందు చాలావరకు పోయింది. తొక్కలోనికి ఇంకినది మాత్రము అలాగే మిగిలింది. మొక్క తనలోనికి పీల్చుకునే మందులు కొన్ని ఉన్నాయి. వాటిని ఏ నీరూ కడగలేదు. అంటే ఇల్లాలు వంటింట్లో ఎంత శ్రమపడినా, తోటలో మొదలు కావలసిన పని ఒకటి మిగిలిపోతుంది.

ఈ పత్రిక చదివే కుటుంబాలలో సగము కూరగాయలు కొనేవారైతే, సగము పండించేవారు. కృష్ణ లంకలనుండి, చుట్టుపక్కల పల్లెలనుండి తెల్లవారక ముందే బెజవాడ కాళేశ్వరరావు మార్కెట్టుకు, పటమట రైతుబజారుకు కాయ తెచ్చే సహోదరులు మన సంఘాలలోనే ఉన్నారు. రైతు, కొనేవాడు ఎదురెదురుగా నిలబడాలని 1999 జనవరి 26న రైతుబజార్లు మొదలయ్యాయి. ఎదురుగా నిలబడినవాని ముఖము చూసి మనము ఏమి అమ్ముతున్నాము?

మా మాట కఠినమనుకోవద్దు. కొన్ని పొలాలలో ఇంటికి వేరుగా ఒక మడి ఉంటుంది. దానికి మందు కొట్టరు. సంతకు పోయే మళ్ళకు సాయంత్రము మందు కొట్టి, మరునాడు ఉదయమే కోస్తారు. బెండ, వంగ రోజు విడిచి రోజు కోయాలి గనుక ఆగుట కష్టమని చెబుతారు. అప్పుల భారము, పురుగు పోటు మాకు తెలియనివి కావు. పుచ్చు కనబడితే వ్యాపారి కొనడు. పుచ్చులేని వంకాయే కావాలని బేరమాడే మనము కూడా ఆ మందులో పాలివారమే. అయినను మన బిడ్డకు పెట్టనిది పొరుగువాని బిడ్డకు పెట్టుట సరియైనదేనా?

లేవీయకాండము 19వ అధ్యాయము ఒకసారి ధ్యానించండి. పొలము అంచున బీదలకు విడువవలసిన పంట, పొరుగువానిని ప్రేమించుట, న్యాయమైన త్రాసు, ఈ మూడూ దేవుడు అక్కడ ఒకే అధ్యాయములో ఉంచాడు. సరిగా తూచి అమ్మినను, నిన్న మందు కొట్టిన కాయను మంచిదని ఇచ్చినచో ఆ త్రాసు న్యాయమైనది కాదు.

రైతు సహోదరులు చేయగలిగినవి ఉన్నాయి. మందు డబ్బామీద రంగు త్రిభుజము చూడండి. ఎరుపు అన్నిటికంటె ప్రమాదము, తరువాత పసుపు, నీలము, ఆకుపచ్చ. మందు కొట్టిన తరువాత ఎన్ని రోజులకు కోయాలో డబ్బాతో వచ్చే కాగితములో ఉంటుంది. చదువురాని వారికి ఇంట్లో పిల్లలు చదివి చెప్పాలి. మోనోక్రోటోఫాస్ కూరగాయలమీద వాడరాదని ప్రభుత్వము 2005లోనే నిషేధించింది. కొట్టువాడు ఇచ్చినా తీసుకోవద్దు. 2016నుండి మన రాష్ట్రములో ప్రకృతి వ్యవసాయము నేర్పుతున్నారు. వేపతో చేసే నీమాస్త్రము, ఆవుపేడతో చేసే జీవామృతము మీ ఊరి మహిళా సంఘాలలో తెలిసినవారు చూపగలరు. ముందు ఒక్క మడిలో చేసి చూడండి. మామిడి తోటలున్నవారు కూడా వినండి. కార్బైడుతో మాగబెట్టుట 2011 నిబంధనల ప్రకారము నిషేధము. వరిగడ్డిలో మాగిన నూజివీడు రసాలకు సాటి ఏముంది?

కొనే కుటుంబాలకు కూడా ఒక మాట. చిన్న పుచ్చున్న కాయను చూసి ముఖము చిట్లించవద్దు. పుచ్చు మేరకు కోసి పారవేయవచ్చు. మందు తగ్గించిన రైతును కనుగొని, రూపాయి ఎక్కువైనా అతని దగ్గరే కొనండి.

సంఘములో కూడా ఈ పని జరగాలి. ప్రేమవిందు రోజున వందలమందికి వండుతాము. హడావుడిలో గంపెడు కొత్తిమీర ఒక్క బకెట్టులో ముంచి తీస్తాము. ఇకమీదట స్త్రీల సమాజము వారు కడుగుటకు ఇద్దరిని ప్రత్యేకముగా ఏర్పాటు చేసుకొనవలెనని మా మనవి. ఆ ఇద్దరిలో ఒకరు పురుషుడైతే మరీ మంచిది. శిష్యుల పాదములు కడిగిన ప్రభువు బిడ్డలకు కూరగాయలు కడుగుట చిన్నతనము కాదు.

కోతపండుగ వచ్చినప్పుడు మనము గుమ్మడికాయ, అరటిగెల, ఆకుకూర కట్ట తెచ్చి బల్ల ముందు పెడతాము. దేవుని సన్నిధికి కదా అని మంచిది ఏరి తెస్తాము. వేలములో దానిని కొనుక్కొని వండుకునేది మన సంఘములోని బీద కుటుంబమే కావచ్చు. అదే మంచిది సోమవారము సంతకు కూడా పోనివ్వండి. దేవునికి తెచ్చినదీ పొరుగువానికి అమ్మినదీ ఒకే మడినుండి వచ్చిన నాడు, ఇల్లాలి చేతిలోని నీరు తన పని తాను చేయగలదు.

ప్రభువు మీ పొలములను, మీ వంటిండ్లను, మీ బిడ్డలను ఆశీర్వదించును గాక. ఆమేన్.