విరామ మెరుగని ఔషధము

కెన్యా రాజధానియగు నైరోబీ నగరమున 1990వ దశాబ్దపు తొలినాళ్లయందు, ఎయిడ్స్ వ్యాధిచే తల్లి మరణింపగనో, బ్రతికియున్న తల్లియే భయవిహ్వలయై విడిచిపోవగనో, దిక్కుమాలిన పసికందులు పెక్కుమంది ఆసుపత్రులలో మిగిలిపోవుచుండిరి; వారి రక్తమున హెచ్‌ఐవి జాడ కనబడినంతనే అనాథశరణాలయములు సైతము వారిని చేర్చుకొనుటకు వెనుదీయుచుండెను. అట్టి తరుణమున, పూర్వాశ్రమమున శస్త్రవైద్యుడై, పిదప మనోవైద్యమును అభ్యసించి, యేసుసభలో గురువైన ఏంజెలో డి అగోస్టినో అను అమెరికా దేశీయుడు, లొరెటో సభకు చెందిన సిస్టర్ మేరీ ఓవెన్స్ తోడ్పాటుతో, 1992లో ముగ్గురు బిడ్డలను చేర్చుకొని ‘న్యుంబానీ’ అను గృహమును నెలకొల్పెను. మతసంస్థలు విదేశములయందు నడుపు వైద్యసేవకు మనము ఏల తోడు పడవలెనని యడుగువారికి నేను మొదట ఈ గృహచరిత్రనే వినిపింతును.

గర్భమునందుండగనే తల్లి రక్తమునుండి బిడ్డకు సంక్రమించు ప్రతిరక్షకములు ఇంచుమించు 18 మాసములవరకు నిలిచియుండును. కావున నాడు వాడుకలోనున్న పరీక్షలో, వ్యాధి సోకని శిశువు సైతము సోకినదానివలెనే కనబడుచుండెను. నిజమునకు, ఏ చికిత్సయు లేని కాలమున సైతము, వ్యాధిగ్రస్తలగు తల్లులకు పుట్టిన బిడ్డలలో సగముకంటె ఎక్కువమందికి ఆ వైరస్ సోకదు. అనగా, రోగభీతిచే లోకము వెలివేసిన ఆ పసివారిలో అనేకులు రోగులే కారు! పాలు పట్టి, విరేచనములకును జ్వరములకును మందిచ్చి, ఏడాదిన్నర కాలము ఓపికతో సాకగా, వారిలో పలువురు ఆరోగ్యవంతులని తేలిరి. ఇది అద్భుతము కాదు. ఎవరో ఒకరు తలుపు తెరచి యుంచుటచేత సిద్ధించిన ఫలము.

నిజముగా రోగము సోకినవారి గతి యేమి? మూడు మందుల కలయికతో చేయు చికిత్స 1996 నాటికే సంపన్నదేశములయందు ప్రాణములు నిలుపుచుండగా, దాని వెల ఏటికి 10,000 డాలర్లకు మించియుండుటచే ఆఫ్రికాలోని బిడ్డలకు మిగిలినది సమాధియే. 2001 ఫిబ్రవరిలో మన దేశపు ఔషధ సంస్థయగు సిప్లా ఆ చికిత్సను దినమునకు ఒక డాలరులోపు వెలకే ఈయగలనని ప్రకటించెను. అట్టి చవుక మందులపై నడచుచున్న పేటెంట్ల వివాదము తేలువరకు చేతులు ముడుచుకొని కూర్చుండ నిష్టపడక, డి అగోస్టినో ఆ ఏడే భారతదేశమునుండి మందులు తెప్పించెదనని బహిరంగముగా చాటెను. చవుక మందుల దిగుమతికి త్రోవ తీయు శాసనమును కెన్యా పార్లమెంటు సైతము ఆ సంవత్సరముననే ఆమోదించెను. నేడు హైదరాబాదు కేంద్రముగా నడచు హెటిరో, అరబిందో సంస్థల మాత్రలు ఆఫ్రికా ఖండమందలి రోగులకు చేరుచున్నవి. ఆ బిడ్డలతో మనకేమి సంబంధమని ఇక నెవ్వరు అడుగగలరు?

అయితే మాత్ర చవుక యైనంతమాత్రాన చికిత్స సులభము కాలేదు. చిన్నపిల్లలకు చిరకాలము వాడిన లోపినావిర్ ద్రవము మిక్కిలి చేదు; చల్లని తావున భద్రపరుపవలసినది; విద్యుత్తు లేని గుడిసెలో, ఉమ్మివేయు పసిబిడ్డకు దినమునకు రెండుసార్లు, నియమిత వేళకు, దానిని పట్టుట యెంతటి తపస్సో తల్లులు ఊహింపగలరు. ఇటీవల వచ్చిన పది మిల్లీగ్రాముల డోలుటెగ్రావిర్ మాత్ర స్ట్రాబెర్రీ రుచితో నీటిలో కరగును కాన ఆ శ్రమ కొంత తగ్గినది. కాని మాత్ర యేదైనను, నీట కలిపి నోట పోయవలసిన చేయి యొకటి ప్రతిదినము ఉండవలెను. ఒకనెల మాని మరుసటినెల మొదలిడినచో, వైరస్ మందునకు లొంగని స్థితికి రావచ్చును. ఈ కారణముననే, పదిరోజుల ప్రయాణముపై వచ్చి, పిల్లలను ఎత్తుకొని, ఛాయాచిత్రములు తీసికొని మరలిపోవు బృందములకంటె, పేరు తెలియకుండ నెలనెల చందా పంపు గృహస్థుడే నా దృష్టిలో అధికుడు.

మరియొక విషయము. తల్లిదండ్రులలో ఒకరిని మాత్రమే కోల్పోయినవారిని సైతము యునిసెఫ్ అనాథలలోనే లెక్కించును. ఆ బిడ్డలలో చాలమందికి తల్లియో, అమ్మమ్మయో, మేనమామయో మిగిలియుందురు. కావున గొప్ప భవనములు కట్టి పిల్లలను పోగుచేయుట సేవ యనిపించుకొనదు. న్యుంబానీవారు ఈ సత్యమును గుర్తించి, 1998నుండి నైరోబీ మురికివాడలయందు బిడ్డలకు వారి వారి ఇండ్లలోనే చికిత్స అందునట్లు చేసిరి. కిటుయి ప్రాంతపు మెట్టనేలలో ఒక గ్రామమునే నిర్మించి, కన్నబిడ్డలను పోగొట్టుకొని కడుపుకోతతో మిగిలిన వృద్ధులను, కన్నవారిని పోగొట్టుకొన్న పిల్లలను ఒకే కప్పు క్రిందికి చేర్చిరి. ఇట్టి ఏర్పాటునకు చందా ఈయవచ్చును. బంధువులనుండి బిడ్డను వేరుచేయు ఏర్పాటునకు ఈయరాదని నా నిశ్చితాభిప్రాయము. పాఠశాలలు ఈ పిల్లలను చేర్చుకొన నిరాకరించినప్పుడు న్యుంబానీవారు న్యాయస్థానమునకెక్కి, 2004లో ప్రవేశమును సాధించిరి.

మతాంతరీకరణ శంక కొందరికి కలుగవచ్చును. ఆ శంకను దాచుకొనుటకంటె, చికిత్సకు ఏ నిబంధనయైన విధించుచున్నారా యని సూటిగా అడుగుటయే మేలు. విధించువారికి పైసయు ఈయనక్కరలేదు. కాని మన పెద్దలు నడచిన త్రోవను మరువరాదు. 1883లో గుంటూరునకు వచ్చిన లూథరన్ వైద్యురాలు డాక్టర్ అన్నా కుగ్లర్, 1930లో కన్నుమూయువరకు అచటనే స్త్రీలకు, శిశువులకు వైద్యము చేయగా, ఆమె ఆసుపత్రికి వచ్చు రోగుల బంధువులకై ఏలూరు రాజావారు సత్రము కట్టించిరి. ఆయన తన ధర్మమును విడువలేదు, ఆమె తన విశ్వాసమును విడువలేదు. ప్రసవవేదనతో వచ్చిన ఇల్లాలి వెంట వచ్చినవారికి మాత్రము వండుకొనుటకు, పండుకొనుటకు చోటు దొరకెను.

2003నుండి ఆఫ్రికాలో ఎయిడ్స్ చికిత్సకు వెన్నెముకయైన అమెరికా ప్రభుత్వ సహాయము 2025 జనవరిలో హఠాత్తుగా స్తంభింపగా, పెక్కు చికిత్సాకేంద్రములు కలవరపడెను. ఒక్క ప్రభుత్వముపై ఆధారపడిన ఔషధము ఒక్క సంతకముతో ఆగిపోవచ్చును. వేలకొలది చిన్న చందాలు ఒక్కనాడే ఆగిపోవు. గుంటూరు, మెదకులందలి క్రైస్తవ సంఘములును, అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబములును క్రిస్మస్ కానుకలలో ఒక పాలు ఈ బిడ్డల సేవకు ప్రత్యేకించి, ఇట్టి సేవాగృహము నొకదానిని ఎన్నుకొని, ఒక్కొక్క బిడ్డ చికిత్సకు, చదువునకు అగు వ్యయమును పదునెనిమిదవ ఏడు నిండువరకు వహింతుమని తీర్మానించి, ఏటేట లెక్కలు తెప్పించుకొని సభలో చదివి వినిపింపవలెనని నా మనవి.