రాయి విసిరే ముందు ఈక చూడండి

మా జనగామ చుట్టుపక్కల తాటిచెట్ల మీద, వేపకొమ్మల్లో వాలే చిన్న వేటపక్షిని అందరూ గద్దే అంటారు. కోడిపిల్ల కనబడకపోతే నింద దానిమీదే, రాళ్లూ దానిమీదే. జీవశాస్త్రం చెప్పే పంతులుగా నాకిది బాధ కలిగిస్తుంది.

అది గద్ద కాదు, జాలెడేగ. చెట్టుకింద రాలిన తోక ఈకే సాక్ష్యం. గద్ద ఈక పొడవుగా, ముదురు గోధుమరంగులో ఉంటుంది. ఎదిగిన జాలెడేగది జానెడు లోపే. బూడిదరంగు మీద అడ్డంగా సన్నని నల్లచారలు. తోక నడిమి ఈకల్లో మాత్రం చారలు దాదాపు ఉండవు. కాబట్టి దొరికిన ఈక నడుమదా, అంచుదా అన్నది ముందు తేల్చాలి. దట్టమైన అడవుల్లో తిరిగే బెస్రా డేగకైతే చారలు వెడల్పు.

జాలెడేగ అప్పుడప్పుడు కోడిపిల్లను ఎత్తుకుపోతుంది, కాదనను. కానీ తొండలు, ఎలుకలు, మిడతలు, చిన్నపిట్టలు దాని అసలు తిండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని చంపడం నేరం.

సైన్స్ టీచర్లకు నా విన్నపం: పిల్లలను చెట్లకిందికి తీసుకెళ్లండి. ఈక పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయించండి, ఈకను అక్కడే వదిలేయించండి. ఈ ఏడాదే మొదలుపెట్టండి.