తప్పు మీ చేతిది కాదు

ఇంట్లో బ్రెడ్ చేస్తే అది ఇటుకలా వచ్చిందనుకోండి. ముందు వినిపించే మాట ఏమిటో మనందరికీ తెలుసు. "సరిగ్గా పిసకలేదేమో!" ఇంట్లోవాళ్ళు అనకపోతే మనమే అనేసుకుంటాం. ఆ మాట వింటేనే నాకు ఒళ్ళు మంట.

బ్రెడ్‌కి కావలసింది కండబలం కాదు, సమయం. మైదాలోని ప్రోటీన్లు నీళ్ళు తగలగానే అల్లుకుని గ్లూటెన్‌గా మారడం మొదలుపెడతాయి. పిసికితే ఆ పని త్వరగా అవుతుంది. ఊరికే వదిలేసినా నిదానంగా అదే అవుతుంది. న్యూయార్క్‌లో బేకరీ నడిపే జిమ్ లేహీ పద్ధతి 2006లో న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చింది. పావు చెంచా ఈస్ట్, కాస్త జారుగా కలిపిన పిండి, 12 నుంచి 18 గంటలు నానడం. పిసకడమే లేదు! చదివినవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు.

మనకెందుకమ్మా ఆశ్చర్యం? బొబ్బట్ల తోపుపిండిలో నూనె పోసి గంటలకొద్దీ నానబెట్టేది చిరగకుండా సాగాలనే కదా. చపాతీ పిండి మీద తడిగుడ్డ కప్పి కాసేపు వదిలేసేది కూడా మెత్తబడాలనే కదా.

బ్రెడ్ దగ్గరికొచ్చేసరికి ఆ తెలివంతా పక్కనబెట్టి, వీడియోలో "గంటసేపు" అన్నారని గడియారం చూస్తూ కూర్చుంటాం. ఎవరి వంటింట్లో గంట అది? చల్లటి గదిలో రాసుకున్న లెక్క మే నెలలో మన వంటింటికి పనికిరాదు. అరగంటకే పొంగిపోయిన పిండి, గంట ఆగితే కూలబడొచ్చు. ఇడ్లీపిండిని గడియారం చూసి పులియబెడతామా? ఎండాకాలం పెందరాళే ఫ్రిజ్‌లోకి తోస్తాం, చలికాలం దుప్పటి కప్పుతాం.

కాబట్టి పిండినే చూడండి. ఆకారం చేసి రెండోసారి పొంగాక, వేలికి పొడిపిండి అద్దుకుని నొక్కండి. గుంట వెంటనే పూడిపోతే ఇంకా ఆగాలి. నెమ్మదిగా, సగమే పూడితే ఓవెన్‌లో పెట్టేయొచ్చు. అసలు పూడకపోతే ఆలస్యమైనట్టు.

చేతికి అంటుకుంటోందని గుప్పెళ్ళతో పొడిపిండి చల్లకండి. ఇటుక తయారయ్యేది అక్కడే. మూతపెట్టి పావుగంట వదిలేయండి. తర్వాత చెయ్యి తడుపుకుని అంచులు లాగి మధ్యకి మడవండి. ఇలా మూడు నాలుగుసార్లు చేస్తే చాలు. గోధుమపిండయితే పొట్టు నీళ్ళు పీల్చుకోవాలి, కలిపాక అరగంట ఆగాల్సిందే.

"అంతసేపు ఎవరాగుతారు?" అంటారు. అసలు సంగతి ఇదే. తొందర పిండికి లేదు, ఇంటికి ఉంది. పిల్లలు బడి నుంచి వచ్చేసరికి వేడివేడిగా ఉండాలి, అందుకని ఈస్ట్ రెట్టింపు వేస్తాం. పొంగుతుంది గానీ రుచి రాదు, ఈస్ట్ వాసన కొడుతుంది. తొందరపెట్టింది అందరూ, మాటపడేది మనం!

రాత్రి కలిపి ఫ్రిజ్‌లో పెట్టి హాయిగా పడుకోండి. పిండి పని పిండి చేసుకుంటుంది. మర్నాడు ఎవరైనా "ఇంకా కాలేదా?" అంటే "అయినప్పుడు పిలుస్తాను" అని చెప్పండి. పిండి పిసకడం కంటే ఈ ఒక్క మాట అనడమే మనకు కష్టం. అయినా సరే, అలవాటు చేసుకోండి.