రిసీవర్లు రెండు... గెలిచేది వాల్యూమ్!

షోరూమ్‌లో మెత్తటి సోఫా. ఎదురుగా గోడంత తెర. సేల్స్‌మన్ రిమోట్ నొక్కగానే హెలికాప్టర్ ఒకటి ముందునుంచి లేచి, తలమీదుగా వెళ్లి వెనకెక్కడో వాలుతుంది. 'ఇది ఒకటో రిసీవర్ సార్... ఇప్పుడు రెండోది వినండి' అంటాడు. ఈసారి గుండెలదురుతాయి. అబ్బాయి కళ్లు మెరుస్తాయి. నాన్న చెయ్యి జేబులోకి వెళ్తుంది. తీరా ఇంటికి తెచ్చి బిగించాక, హాల్లో పడక్కుర్చీలో కూర్చున్న బామ్మ అడిగేది ఒక్కటే... 'మోత బానే ఉందిగానీ, వాళ్లేం మాట్లాడుకుంటున్నార్రా?'

తప్పు రిసీవర్‌ది కాకపోవచ్చు. పోల్చిన తీరుదే కావచ్చు.

మన చెవికో బలహీనత ఉంది. ఒకే పాటను రెండుసార్లు వినిపించి, రెండోసారి శబ్దాన్ని ఒక్క డెసిబెల్ పెంచారనుకోండి. 'సౌండు పెరిగింది' అనిపించదు. 'ఇదేదో బాగుందే' అనిపిస్తుంది! సేల్స్‌మన్ కావాలని మోసం చేస్తున్నాడనీ కాదు. రెండిటి మీదా వాల్యూమ్ అంకె 40 అనే చూపిస్తున్నా బయటికొచ్చే శబ్దం ఒక్కటిగా ఉండదు. ఆ అంకె ఏ కంపెనీకి ఆ కంపెనీ వేసుకున్న లెక్క. అందుకే శ్రద్ధగా పరీక్షలు చేసేవాళ్లు ముందు మీటరు పెట్టి రెండిటి శబ్దాన్నీ సమానం చేస్తారు. ఆ పైనే వింటారు.

అమెరికాలో స్టీరియో రివ్యూ పత్రిక 1987లో ఇలాంటి పరీక్షే పెట్టింది. రెండొందల డాలర్ల పైచిలుకు ధరకొచ్చే మామూలు రిసీవర్ మొదలుకొని వేల డాలర్ల వాల్వ్ యాంప్లిఫయర్ దాకా తెచ్చి, శబ్దం సమం చేసి, ఏది మోగుతోందో చెప్పకుండా వినిపించింది. శ్రోతల్లో ఖరీదైనవాటిని నమ్మేవాళ్లూ ఉన్నారు, నమ్మనివాళ్లూ ఉన్నారు. చివరికి జవాబులన్నీ కూడితే బొమ్మాబొరుసూ వేసి చెప్పినట్టే తేలింది. ఆ ఫలితం మీద సంగీత ప్రియుల వాదులాట ఇప్పటికీ ఆగలేదనుకోండి.

ఇక వాట్ల సంగతి. 100 వాట్ల రిసీవర్‌కీ 110 వాట్లదానికీ మధ్య తేడా ఎంతో తెలుసా? అర డెసిబెల్ కూడా లేదు. వాట్లు రెట్టింపయితే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి శబ్దం రెట్టింపైనట్టు అనిపించాలంటే దాదాపు పదింతల పవర్ కావాలి. పైగా ఆ వాట్లు ఎలా కొలిచారో పెట్టె మీద చిన్నక్షరాల్లో ఉంటుంది. '8 ఓమ్స్, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్, రెండు ఛానళ్లు, 0.08 శాతం డిస్టార్షన్' అని ఉంటే నమ్మదగ్గ లెక్క. '6 ఓమ్స్, 1 కిలోహెర్ట్జ్, ఒక ఛానల్, 10 శాతం డిస్టార్షన్' అని ఉంటే ఆ అంకె కొనేవాళ్లను ఊరించడానికే. 10 శాతం డిస్టార్షన్ అంటే బస్టాండ్ మైకుకి బంధువే మరి!

అయితే అన్ని రిసీవర్లూ ఒకటేనా? కాదు. అసలు తేడా మైకు దగ్గరుంది. డెనాన్, మరాంజ్‌లలో ఆడిసీ, యమహాలో వైపావో... ఇలా పేర్లు వేరైనా పని ఒకటే. రిసీవర్‌తోపాటు వచ్చే చిన్న మైకును మీరు కూర్చునేచోట పెడితే, స్పీకర్లు 'చుయ్' మంటూ శబ్దాలు చేస్తాయి. గోడలకు తగిలి వచ్చే ధ్వనిని లెక్కగట్టి రిసీవర్ తనను తాను సర్దుకుంటుంది. మార్బుల్ నేల, సున్నం గోడలు, గాజు కిటికీలు ఉండే మన హాళ్లకు ఇది చాలా అవసరం. షోరూమ్‌లో కార్పెట్టూ, మందపాటి తెరలూ ఈ గొడవను దాచేస్తాయి. కాబట్టి అక్కడ అడగాల్సింది హెలికాప్టర్ సీను కాదు, ఈ సర్దుబాటు ఎంత బాగా చేస్తుందని. వినడానికి మీకు బాగా తెలిసిన పాట పట్టుకెళ్లండి. ఘంటసాల గొంతు ఎలా ఉంటుందో తెలియని తెలుగు చెవి ఉండదు కదా. ఆ గొంతు ముక్కుతో పాడినట్టో, డబ్బాలోంచి వచ్చినట్టో ఉంటే అక్కడేదో తేడా ఉన్నట్టే. బడ్జెట్‌లో డబ్బు మిగిలితే పై మోడల్ రిసీవర్‌కి కాకుండా స్పీకర్లకు పెట్టండి. అక్కడి తేడా ఎవరికైనా తెలుస్తుంది.

మరి బామ్మ సమస్య? సినిమాలో మాటలు ఎక్కువగా మధ్యనుండే సెంటర్ స్పీకర్‌లోంచే వస్తాయి. చాలా ఇళ్లలో దాన్ని టీవీ స్టాండు అరలో లోపలికంటా తోసేస్తారు. అంచుదాకా ముందుకు లాగండి. సెట్టింగుల్లో దాని లెవెల్ 2, 3 డెసిబెల్స్ పెంచండి. రాత్రివేళ బాంబుల మోత తగ్గించి మాటల్ని పైకి తెచ్చే నైట్ మోడ్ కూడా చాలా రిసీవర్లలో ఉంటుంది. దీనికి రూపాయి ఖర్చు లేదు.

అన్నట్టు, మైకు పెట్టి పరీక్ష నడిపే ఆ కాసేపూ ఫ్యాను ఆపడం మర్చిపోకండి. వంటింట్లో కుక్కర్ విజిల్ వేసేదాకా ఆగి మొదలుపెడితే ఇంకా మంచిది.