దొంగిలింపబడిన నిద్ర

శింగనమల చెరువు నిండిన యేడు రైతుబిడ్డ మడిలో దిగును. ఎండిన యేడు తాడిపత్రి సిమెంటు బట్టీలకో, గుంతకల్లు రైల్వే యార్డుకో, బెంగుళూరు కాపలా కొలువునకో తరలిపోవును. అచట నొకవారము పగటి షిఫ్టు, మరువారము రాత్రి షిఫ్టు. ఇట్టి యువకుడు తరచు జబ్బుపడినచో లోకము వానిని బలహీనుడనును; త్రాగుబోతు కాబోలు ననువారును గలరు. ఎంత యన్యాయము! రోగమూలము షిఫ్టుల పట్టికలో నుండగా నింద కూలివానిపై మోపుట న్యాయమా?

మన దేహములో నొక గడియారము గలదు. దాని కీలకమును బయలుపరచిన ముగ్గురు అమెరికా శాస్త్రజ్ఞులకు 2017లో నోబెల్ బహుమానము లభించెను. ఆ గడియారము సూర్యుని మాట వినును గాని మేనేజరు ఈల వినదు. రాత్రియెల్ల మేల్కొన్నవాడు మేనెల యెండలో, రేకుల కప్పు క్రింద, బిడ్డల యేడ్పుల నడుమ నెంత నిద్రింపగలడు?

2015లో వెలువడిన యొక పరిశోధనలో 164 మంది ఆరోగ్యవంతుల ముక్కులలో జలుబు వైరసును వేసి చూచిరి. ఆరు గంటలకు తక్కువ నిద్రించువారికి, ఏడు గంటలకు మించి నిద్రించువారికంటె జలుబు పట్టు నవకాశము నాలుగు రెట్లు కనబడెను. ప్రపంచారోగ్య సంస్థ క్యాన్సరు పరిశోధనా విభాగము 2007లోను, మరల 2019లోను, రాత్రి షిఫ్టును క్యాన్సరు కారకము కాగల వానిలో జేర్చెను.

ఇంత తెలిసియు 2025 జూనులో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గము కర్మాగారములలో దినపు పని పరిమితిని 9 గంటల నుండి 10 గంటలకు పెంచుట కామోదించెను. వారమునకు 48 గంటలే గదా యని సమర్థించువారు గలరు. దేహమునకు వారపు పద్దు తెలియదు. ఏ రాత్రి బాకీ ఆ రాత్రియే వసూలు చేయును. తెగిన వ్రేలికి చట్టము క్రింద పరిహారము కోరవచ్చును. పోయిన నిద్రకు ఏ కోర్టులో దావా వేయగలము? సాక్షి యెవడు?

బట్టీ చల్లారరాదు, రైలు ఆగరాదు, ఆసుపత్రి తలుపు మూయరాదు. ఒప్పుకొందము. మేము కోరునది స్వల్పము. షిఫ్టులు ఉదయము, మధ్యాహ్నము, రాత్రి యను వరుసలోనే మారవలెను. పనికి పనికి నడుమ 11 గంటల యెడతెగని విరామము, రాత్రిపనివారికి ఉచిత వైద్యపరీక్ష యుండవలెను. ఈ రెంటిని ఐరోపా దేశములు 2003 నాటి శాసనమున నంగీకరించినవే. అచ్చటి కూలి దేహమొకటి, మన కూలి దేహమింకొకటియా?

పఠనాలయమున నీ పత్రిక జదువు పెద్దలారా! మీ వీధిలో పట్టపగలు మూసిన తలుపు గన్నచో సోమరి యిల్లని తలపకుడు. పిల్లలను మెల్లగా నాడుకొనుమనుడు. ఆ నిద్రయు వాని కూలిలో భాగమే. దాని నపహరించినవాడు కూలి నెగగొట్టినవాడే.