లెక్కకు రాని దెబ్బలు, వాయిదా పడిన చూపు

కుప్పం, బంగారుపేట వైపు నుంచి వెళ్లే రైళ్లు ఆగే వైట్‌ఫీల్డ్ స్టేషన్ నిజానికి ఉన్నది కాడుగోడిలో. 2023 మార్చి 25 నుంచి మెట్రో రైలు కూడా అక్కడికి చేరింది. సరిహద్దు గ్రామాల కుటుంబాలకు కాడుగోడి బెంగళూరు మహానగరపు గడప వంటిది. భవన నిర్మాణ పనులకు, ఇళ్లలో పనికి, ఆసుపత్రులకు వెళ్లేవారు అక్కడే దిగుతారు. 2020 మార్చి 22 అర్ధరాత్రి నుంచి ప్రయాణికుల రైళ్లు నిలిచిపోయాయి. 25వ తేదీన దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. నగరంలో భర్త చేతిలో దెబ్బలు తింటున్న స్త్రీకి పుట్టింటి దారి, పల్లెలో కంటికి పొర కమ్మిన వృద్ధురాలికి ఆసుపత్రి దారి ఒకే రోజున మూసుకుపోయాయి.

ఈ రెండు విషయాలపైనా తరువాత పరిశోధనలు జరిగాయి. వాటిని పక్కపక్కన ఉంచి చూస్తే ఒక సత్యం బోధపడుతుంది. ఫిర్యాదు రాలేదు కనుక ఇంట్లో హింస లేదనీ, ఆపరేషన్ జరిగింది కనుక చూపు వచ్చిందనీ భావించడం పొరపాటు.

ఎవరి ఫిర్యాదు చేరింది?

2020 మార్చి 23 నుంచి ఏప్రిల్ 16 వరకు జాతీయ మహిళా కమిషన్‌కు గృహహింసపై 239 ఫిర్యాదులు అందాయి. అంతకు ముందటి 25 రోజుల్లో అందినవి 123 మాత్రమే. అంటే దాదాపు రెట్టింపు. అయితే పేద స్త్రీలు ఎక్కువగా తపాలా ద్వారానే ఫిర్యాదులు పంపుతారనీ, ఆ మార్గం మూసుకుపోయిందనీ నాటి కమిషన్ అధ్యక్షురాలు రేఖా శర్మ అప్పుడే తెలిపారు. ఈమెయిల్ పంపగలిగినవారి గోడు లెక్కకెక్కింది. ఉత్తరం రాయించుకునే దిక్కు కూడా లేనివారి గోడు ఇంట్లోనే ఉండిపోయింది.

ఆర్థికవేత్తలు శరవణ రవీంద్రన్, మనీషా షా ఈ ఫిర్యాదులను జిల్లాలవారీగా పరిశీలించారు. 2020 జూలైలో వెలువడిన వారి తొలి పత్రం ప్రకారం, ఆ ఏడాది మే నెలలో ఆంక్షలు అతి తీవ్రంగా ఉన్న జిల్లాల్లో, ఆంక్షలు సడలిన జిల్లాలతో పోలిస్తే గృహహింస ఫిర్యాదులు 131 శాతం పెరిగాయి. అత్యాచారం, లైంగిక దాడుల ఫిర్యాదులు మాత్రం తగ్గాయి. స్త్రీలు గడప దాటకపోవడమే ఇందుకు కారణం కావచ్చునని వారు భావించారు. 2020 ఏప్రిల్ 30న కేంద్రం ప్రకటించిన రెడ్ జోన్ జిల్లాల్లో బెంగళూరు, చిత్తూరు రెండూ ఉన్నాయన్నది ఇక్కడ గమనార్హం. దారికి ఆ కొసన, ఈ కొసన తలుపులు బిగుసుకున్నాయి.

వ్యాధి పాతదే

నేరమంతా లాక్‌డౌన్‌పై నెట్టడం కూడా సరికాదు. ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మన రాష్ట్రాల్లో జరిగింది 2019లో, అంటే మహమ్మారికి ముందు. అప్పటికే భర్త హింసకు గురైనట్లు చెప్పిన వివాహితలు కర్ణాటకలో 44 శాతం, తెలంగాణలో 37 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. దేశం మొత్తం మీద హింసకు గురైనవారిలో సహాయం కోరినవారు 14 శాతమే. 77 శాతం మంది ఎవరికీ చెప్పుకోలేదు. ఏదో ఒక కారణానికి భార్యను కొట్టడం తప్పు కాదన్న స్త్రీలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 84 శాతం వరకు ఉన్నారు. ‘సర్దుకుపో తల్లీ’ అని పుట్టింటివారే వెనక్కి పంపితే, ఆమె మరెవరికి చెప్పుకుంటుంది?

ఆపరేషన్ అయితే చాలదు

లాక్‌డౌన్ కాలంలో దేశంలోని 1,260 మంది కంటి వైద్యులను ప్రశ్నించగా, రోగులను అసలు చూడడం లేదని 72.5 శాతం మంది చెప్పారు. అత్యవసరం కాని ఆపరేషన్లు దాదాపు నిలిచిపోయాయి. 2015-19 జాతీయ అంధత్వ సర్వే ప్రకారం 50 ఏళ్లు దాటినవారి అంధత్వంలో 66.2 శాతానికి కారణం శుక్లమే. ఆపరేషన్‌తో బాగయ్యే ఈ జబ్బును మరీ ముదరనిస్తే ఆపరేషన్ కష్టమవుతుంది. కొందరికి కంటిలో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతింటుంది. అలా పోయిన చూపు తిరిగి రాదు.

అదే సర్వేలో 7.2 శాతం అంధత్వానికి శుక్లం ఆపరేషన్ అనంతర సమస్యలే కారణమని తేలింది. అందుకే 2021లో ప్రపంచ ఆరోగ్య సభ ఎన్ని ఆపరేషన్లు జరిగాయన్నదే కాక, ఎందరికి మంచి చూపు వచ్చిందన్నదే కొలమానంగా లక్ష్యం నిర్ణయించింది. మంచి కన్ను 12 మీటర్ల నుంచి చదివే అక్షరాన్ని 6 మీటర్ల నుంచైనా చదవగలిగితేనే అది మంచి ఫలితం. అనేక దేశాల సర్వేల్లో, ఆపరేషన్ అవసరమైనవారిలో ఈ ఫలితం పొందినవారి శాతం పురుషులలో కంటే స్త్రీలలో తక్కువగానే ఉంది. తోడు వెళ్లేవారు లేకపోవడం, ఖర్చు దగ్గర అమ్మ వంతు చివరికి రావడం పల్లెల్లో అందరూ ఎరిగినదే. శిబిరం నుంచి తిరిగివచ్చాక చుక్కల మందు క్రమంగా వేయాలి, పిలిచిన తేదీకి మళ్లీ చూపించాలి. కన్ను ఎర్రబడినా, నొప్పి చేసినా, చూపు తగ్గినా ఆ రోజే వెళ్లాలి.

చట్టానికి సరిహద్దు లేదు

కాడుగోడిలో కాపురం, కుప్పం పల్లెలో పుట్టిల్లు. మరి ఫిర్యాదు ఎక్కడ? ఈ సందేహం వల్లనే చాలామంది వెనుకాడుతారు. 2006 అక్టోబర్ 26 నుంచి అమలులో ఉన్న గృహహింస చట్టం, 27వ సెక్షన్ ప్రకారం, బాధితురాలు తాత్కాలికంగా తలదాచుకున్న చోటి మేజిస్ట్రేట్ కోర్టును కూడా ఆశ్రయించవచ్చు. ఆ కోర్టు ఉత్తర్వు దేశమంతటా చెల్లుతుంది. భర్త క్రూరత్వం వల్ల ఇల్లు విడిచిన స్త్రీ తాను ఆశ్రయం పొందిన చోటనే 498ఎ కేసు పెట్టవచ్చునని 2019 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తేల్చింది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన కొత్త నేర ప్రక్రియా సంహిత ప్రకారం, ‘ఇది మా పరిధి కాదు’ అన్న కారణంతో పోలీసులు ఫిర్యాదును తిప్పి పంపరాదు. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. మహిళా సహాయానికి 181కి, ప్రాణాపాయ వేళ 112కి ఫోన్ చేయవచ్చు.

రైళ్లు ఎప్పుడో తిరిగి నడిచాయి. ఇంటి తలుపు తెరవవలసింది మాత్రం ఇంటివారే. పండుగకు వచ్చిన కూతురి కంటి కింద కమిలిన మచ్చ ఉంటే, ‘జారిపడ్డాను’ అన్న మాటతో ఊరుకోరాదు. ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టుకుని మళ్లీ అడగాలి. ఆపరేషన్ అయిన తల్లిని, ఒక కన్ను మూసి ఎదుటి మనిషిని గుర్తుపట్టమనాలి. ఏ సర్వే రాని ఇంట్లో ఆ లెక్క తీసుకోగలిగినవారు వీరే.